కంది నుంచి బందరుకి, స్టీరింగ్ మీద చెయ్యి తియ్యకుండా

మొదటి రోజు: కంది

సంక్రాంతికి బందరు పోవడం మాకు కొత్త కాదు. ఈసారి కొత్తది కారు. దసరాకి కొన్నాం. పేరు చెప్పను గానీ, ముందు అద్దానికి పైన ఒక కెమెరా, బంపరు లోపల ఒక రాడార్ ఉన్న రకం. ముందు బండికి దూరం పాటిస్తుంది, గీత దాటితే స్టీరింగ్‌ని మెల్లగా లాగుతుంది, అవసరమనుకుంటే బ్రేకు తనే వేస్తుంది. అందరూ 'అడాస్' అంటున్నది దీన్నే. అమ్మిన కుర్రాడు "హైవే ఎక్కాక కాలు మీద కాలేసుకుని పోవచ్చు సార్" అన్నాడు. ఇంటికొచ్చి మాన్యువల్ తిరగేస్తే ఎక్కడ చూసినా బాధ్యత డ్రైవరుదే అని రాసి ఉంది. ఆ రెండు మాటల మధ్య నేను అదనంగా కట్టిన డబ్బు ఎక్కడో ఇరుక్కుపోయింది.

మేనల్లుడు కందిలో, ఐఐటీ హైదరాబాద్‌లో రీసెర్చ్ చేస్తున్నాడు. వాణ్ణి తీసుకురావడానికి మధ్యాహ్నం మియాపూర్ నుంచి బయల్దేరాం. కంది ముందు నుంచి పోయే రోడ్డు 65వ నంబరు జాతీయ రహదారి. పుణెలో మొదలై, మా హైదరాబాదు మీదుగా, చివరికి మా బందరులోనే ఆగుతుంది. అంటే ఈసారి మా ప్రయాణం దాదాపు అంతా ఒకే రోడ్డు.

క్యాంపస్‌లో టీహాన్ అని ఒక కేంద్రం ఉంది. మనిషి లేకుండా నడిచే వాహనాల మీద పరిశోధన వాళ్ళ పని. 130 కోట్లతో పరీక్షల మైదానం కట్టారు, 2022 జులైలో ప్రారంభించారు. వాళ్ళు తయారుచేసిన డ్రైవర్ లేని ఎలక్ట్రిక్ బండ్లు క్యాంపస్ లోపల జనాన్ని అటూ ఇటూ తిప్పుతున్నాయి, 6 సీట్లది ఒకటి, 14 సీట్లది ఒకటి. చిన్నదాంట్లో ఎక్కాం. మా ఆవిడ ముందు కాస్త బిగుసుకుని కూర్చుంది. దారి మధ్యలో ఒక కుక్క పడుకుని ఉంది. బండి కుదుపు లేకుండా ఆగింది. కుక్క తల ఎత్తి చూసింది, తీరిగ్గా లేచింది, ముందు కాళ్ళు చాపి ఒళ్ళు విరుచుకుంది, పోయింది. అప్పుడు కదిలింది బండి. నేనైతే ఈపాటికి రెండు హారన్‌లు కొట్టి ఉండేవాణ్ణి.

"పెళ్ళికూతుర్ని తీసుకెళ్తున్నంత మర్యాదగా నడుపుతోంది" అంది మా ఆవిడ.

"ఎవరు?" అన్నాను.

ఆమె ముందు సీటు వైపు చూసి నవ్వేసింది.

గేటు దాటి బయటికొచ్చేసరికి జహీరాబాద్ వైపు పోయే బస్సు ఎడమ నుంచి, షేర్ ఆటో కుడి నుంచి, ఇద్దరు కుర్రాళ్ళ బైకు ఎదురుగా రాంగ్ రూట్‌లో. మేనల్లుడు వెనక సీట్లోంచి, "లోపల చూసింది నాలుగో మెట్టు మావయ్యా. మీ కారు రెండో మెట్టు. బండి తనంతట తాను నడవడంలో సున్నా నుంచి 5 దాకా మెట్లున్నాయి. రెండో మెట్టు మీద కళ్ళూ చేతులూ నీవే" అన్నాడు.

"మరి నాలుగో మెట్టు ఇక్కడికి ఎప్పుడొస్తుందిరా?"

వాడు ఆ బైకు వైపు చూపించి ఊరుకున్నాడు.

రెండో రోజు: పంతంగి, చిట్యాల, కోదాడ

తెల్లవారుజామున 5కి బయల్దేరాం. ఔటర్ రింగురోడ్డు మీద కారు బుద్ధిమంతుడైన పిల్లాడిలా ఉంది. తెల్లగీతలు తళతళలాడుతున్నాయి, ఆవులూ ఆటోలూ లేవు. వందకి పెట్టి వదిలేస్తే అలాగే పోయింది. ఈ రోడ్డు చూసే ఈ కారు తయారుచేసి ఉంటారు. పెద్ద అంబర్‌పేట దగ్గర దిగి 65 ఎక్కాక అసలు కథ మొదలైంది.

పంతంగి టోల్‌ప్లాజాకి రెండు మూడు కిలోమీటర్ల ముందు నుంచే బండ్లు. హైదరాబాదులో ఉన్న ఆంధ్రా మొత్తం ఈ రోడ్డు మీదే ఉన్నట్టుంది. ఇక్కడ మాత్రం నిజం ఒప్పుకోవాలి. ముందు బండి కదిలితే కదిలి, ఆగితే ఆగే ఆ సౌకర్యం నా కుడి మోకాలికి చేసిన మేలు ఇంతా అంతా కాదు. గంటసేపు బ్రేకు తొక్కలేదు. చిక్కల్లా, అది ముందు బండికీ మనకీ మధ్య ఒక బారెడు ఖాళీ వదులుతుంది. మన దగ్గర ఖాళీ అంటే ఆహ్వానం. ఒక బైకు దూరింది, ఒక ఆటో దూరింది, తర్వాత జామకాయల బుట్టతో ఒక మనిషి వచ్చి ఆ జాగాలోనే బేరం పెట్టాడు. దూరినవాడికల్లా కారు ఇంకాస్త వెనక్కి తగ్గి దారిచ్చింది. వెనకవాడు హారన్. "మావయ్యా, మనం వెనక్కి పోతున్నాం" అన్నాడు మేనల్లుడు.

సరిగ్గా అప్పుడే శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి అమ్మాయి వీడియో కాల్. అక్కడ రాత్రి. వేమో అనే డ్రైవర్ లేని టాక్సీలో ఇంటికి పోతోందట. కెమెరా తిప్పి చూపించింది. డ్రైవర్ సీటు ఖాళీ, స్టీరింగ్ తనంతట తనే తిరుగుతోంది. మా ఆవిడ ఒక్కసారిగా "అయ్యో, దిగిపోవే!" అంది.

"అమ్మా, డ్రైవర్ లేకపోవడమే నాకు ధైర్యం. రాత్రిపూట లైబ్రరీ నుంచి వస్తుంటే అద్దంలోంచి నా వైపు చూసే కళ్ళు లేవు, ఎక్కడుంటావు, పెళ్ళయిందా అని అడిగే నోరు లేదు" అంది.

మా ఆవిడ మాట్లాడలేదు. ఆమె ఉద్యోగం చేసిన ముప్పై ఏళ్ళలో ఎక్కిన ఆటోలు గుర్తొచ్చి ఉంటాయి. కాల్ పెట్టేశాక మాత్రం "ఆ కారుకి దిష్టి తీయమను" అంది. అంతకన్నా పెద్ద ఆమోదం ఆమె నోట రాదు.

అక్కడివాళ్ళంతా అమ్మాయిలాగా లేరట. మేనల్లుడు చెప్పాడు, ఏఏఏ అనే వాళ్ళ మోటారు సంఘం 2025లో అడిగితే, తనంతట తాను నడిచే కారులో నమ్మకంగా కూర్చుంటామన్న డ్రైవర్లు 13 శాతమే. పదిమందిలో ఆరుగురు భయమన్నారు. 2024 ఫిబ్రవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో జనం ఒక వేమో కారుని తగలబెట్టేశారు. అంతకు ముందు ఏడాది కొందరు నిరసనకారులు ఇంకా తెలివైన పని చేశారు. రోడ్డు మీది ట్రాఫిక్ కోన్ తెచ్చి బానెట్ మీద పెట్టేవాళ్ళు. కారు అక్కడే నిలబడిపోయేది. అంత యంత్రానికీ అంత చిన్న ప్లాస్టిక్ టోపీ చాలింది.

ఆ కోన్‌లు మాకు చిట్యాల దగ్గర ఎదురయ్యాయి. రోడ్డు పనులు. దారి మళ్ళించారు, కొత్త దారికి కోన్‌లు పెట్టారు, పాత తెల్లగీతని మాత్రం సగమే చెరిపారు. నేను కోన్‌ల వెంట కుడికి తిప్పుతుంటే కారు పాత గీత వెంట ఎడమకి లాగింది. బలంగా కాదు, పెద్దవాళ్ళు చెయ్యి పట్టుకుని ఇటు రా అన్నట్టు. ఆ ఎడమ పక్కన ఇనుప చువ్వలు నిలబెట్టిన గొయ్యి. గట్టిగా తిప్పాను, వదిలేసింది. ఒక్క క్షణం. కానీ ఆ క్షణంలో ఎవరితోనో పెనుగులాడిన సంగతి ఇంకా మణికట్టులో ఉంది.

నకిరేకల్ దాటాక ఇంకోటి. రోడ్డు ఎడమకి ఒంపు తిరుగుతోంది, ఆ ఒంపులో అంచున ఒక లారీ ఆగి ఉంది. మేం పోయేది మా లేన్‌లోనే. కారుకి మాత్రం అది ఎదురుగా ఉన్నట్టు కనిపించి ఉంటుంది. ఎర్రబొమ్మ, కీచుమని శబ్దం, బ్రేకు! వెనక సీట్లోంచి అరిసెల డబ్బా ఎగిరి మేనల్లుడి కాళ్ళ దగ్గర పడింది. వెనక వస్తున్న బొలెరో అంగుళాల్లో తప్పుకుంది. పక్కకొచ్చి అద్దం దించి అడిగాడు, "ఏందన్నా, నిద్రపోతున్నవా?"

నేనేం చెప్పాలి? నేను మెలకువగానే ఉన్నాను, బ్రేకు వేసింది నేను కాదు అంటే ఇంకా తిడతాడు. తప్పు యంత్రానిది, తిట్టు నాది. మా ఆవిడ అరిసెలు ఏరుతూ, "దాన్ని ఆపేస్తారా, నన్ను దింపేస్తారా?" అంది. అత్యవసర బ్రేకు ఒక్కటీ ఉంచి మిగతావి ఆపేశాను. నాకు తెలిసినవాళ్ళలో ఈ రకం కార్లున్న సగంమంది చివరికి చేసేది ఇదే.

కోదాడ దగ్గర టీకి ఆగాం. ఆ చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలెక్కువ, సిమెంటు లారీలూ ఎక్కువే. ఒక లారీ డ్రైవరు బెంచీ మీద కూర్చుని కళ్ళ కింద బామ్ రాసుకుంటున్నాడు. నిద్ర ఆపుకోవడానికి. మేనల్లుడు ఊరుకోడుగా, కారు సంగతి మొత్తం చెప్పాడు. ఆయన ఓపిగ్గా విని అడిగాడు, "నిద్రొస్తే లేపుతదా?"

కొన్ని బండ్లలో ఉందని చెప్పాడు మేనల్లుడు. కళ్ళ రెప్పల్ని కెమెరా చూస్తుంది, వాలిపోతే అరుస్తుంది. కొత్త లారీలకీ బస్సులకీ అలాంటివీ, తనంతట తాను పడే బ్రేకులూ తప్పనిసరి చేస్తామని కేంద్రం 2025లో ముసాయిదా కూడా ఇచ్చింది.

"అట్లాంటిది ముందు మాకు పెట్టాలె గద సార్. పగటిపూట ఏసీ వేసుకుని పోయే మీకెందుకు? రాత్రి రెండు నుంచి నాలుగు మధ్యన ఈ రోడ్డు మీద ఉండేది మేమే." కాసేపాగి, "ఇదివరకు మమ్మల్ని లేపే మనిషే ఉండె. క్లీనర్. ఎడమ పక్కంత వాడే చూసేది. పక్కకు బైకొస్తే తలుపు మీద దబదబ కొట్టేది. నా కన్ను మూతపడితే అన్నా అని భుజం తట్టేది. కిరాయిలు గిట్టుబాటు కాక ఓనరు క్లీనర్‌ను తీసేసిండు. పదేళ్ళయింది, ఒక్కణ్ణే నడుపుతున్న. ఇప్పుడు వాడి జాగాలో కెమెరా పెడ్తమంటే వద్దంటనా?"

"మరి డ్రైవర్నే తీసేస్తే?"

ఆయన నవ్వాడు. "గడ్కరీ సారు రానియ్యనన్నడు గద."

నిజమే. డ్రైవర్ లేని కార్లని ఈ దేశంలోకి రానివ్వనని కేంద్ర రోడ్డు రవాణా మంత్రిగా ఆయన 2017లో అన్నాడు, 2023 డిసెంబరులో మళ్ళీ అన్నాడు, డ్రైవర్ల ఉద్యోగాలు పోతాయని. ఈ మాట నేను పేపర్లో చదివి మర్చిపోయాను. ఈయన మర్చిపోలేదు.

ఆయన ఇంకో ప్రశ్న అడిగాడు, దానికి మాత్రం మా దగ్గర జవాబు లేదు. "గుద్ది పారిపోతే డ్రైవరుకు పదేండ్ల జైలన్నరు. 2024 జనవరి ఫస్టుకు మేమంత బండ్లు ఆపినం, హైదరాబాదుల పెట్రోలు దొరకలే, యాదుందా? ఆ సెక్షన్‌ను ఇంకా అమలుకు తేలే. మరి ఈ కంప్యూటరు గుద్దితే జైలుకు ఎవరు పోతరు?"

మేనల్లుడు కారెక్కాక చెప్పాడు. 2018 మార్చిలో అరిజోనాలోని టెంపేలో ఉబర్ వాళ్ళ ప్రయోగాల కారు, రాత్రిపూట సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒకామెని గుద్ది చంపింది. కారు తనంతట తానే నడుస్తోంది. సీట్లో కూర్చున్న ఉద్యోగి పని కనిపెట్టుకుని ఉండటం. కంపెనీ మీద క్రిమినల్ కేసు పెట్టలేదు. సీట్లో ఉన్న మనిషి 2023లో నేరం ఒప్పుకుంటే మూడేళ్ళ ప్రొబేషన్ పడింది.

"ఇది ఆయనకి అక్కడే ఎందుకు చెప్పలేదురా?"

"ఆయనకి ముందే తెలుసనిపించింది మావయ్యా."

రాత్రికి జగ్గయ్యపేటలో పెద్దమ్మ వాళ్ళింట్లో దిగాం. మామూలుగా ఐదు గంటల్లో బెజవాడ చేరే దారి, ఇవాళ పన్నెండు గంటలైనా అక్కడిదాకా రాలేదు.

మూడో రోజు: పొగమంచు, ఆటోనగర్, చెరకు

పొద్దున్నే బయల్దేరడం తప్పయింది. నందిగామ దాకా పొగమంచు, బానెట్ తర్వాత లోకం లేదు. అద్దం మీద మంచు చేరగానే కారు కెమెరా కనిపించడం లేదని తెర మీద రాసి, నేను ఉంచిన ఆ ఒక్క బ్రేకు సాయాన్నీ ఆపేసుకుంది. సరిగ్గా సాయం కావలసినప్పుడు. ముందు ఒక ఆర్టీసీ బస్సు ఎర్రదీపాలు కనిపిస్తే వాటిని పట్టుకుని పోయాను. నా వెనక పదిమంది నా దీపాలు పట్టుకుని వచ్చారు. ఆ బస్సు డ్రైవరు మలుపు దగ్గర కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి అరచేత్తో గాలిని నొక్కాడు. మెల్లగా అని. మా వెనకవాళ్ళకి నేనూ అలాగే నొక్కాను.

కంచికచర్ల దగ్గర ఒక టిప్పరు వెనక పడ్డాం, ఒక రాయి లేచి అద్దానికి తగిలింది. కెమెరాకి బెత్తెడు కింద సాలెగూడు లాంటి పగులు. బెజవాడ ఆటోనగర్‌లో బాగు కాని బండి ఉండదని మా నమ్మకం. ఇంజను విప్పినా, బాడీ కట్టినా, ఎక్కడెక్కడి లారీలో అక్కడికే వస్తాయి. అద్దాల షాపు ఆయన చూసి పెదవి విరిచాడు.

"అద్దం వేయడం అరగంట పనండీ. కానీ ఇది కెమెరా బండి. అద్దం మారితే కెమెరా చూపు మళ్ళీ సరిచెయ్యాలి, దానికి మిషనుండాలి. నా దగ్గర లేదు. షోరూముకే పోవాలి." పక్కనున్న టింకరింగ్ ఆయన అందుకున్నాడు. "బంపరూ అంతేనండి. ఇదివరకు సొట్ట పడితే లప్పం పెట్టి రంగు కొట్టేసేవాళ్ళం. ఇప్పుడు లోపల రాడారుంది, లప్పం మందమైతే దానికి కనపడదంట. మా చేతి పనికి ఇది గండం."

వాళ్ళకి ఈ సాంకేతికత ప్రాణాలు కాపాడుతుందా లేదా అన్నది చర్చే కాదు. రిపేరు ఎవరి చేతికి పోతోందన్నదే. పగులు పాకకుండా ఏదో జిగురు ఎక్కించి, "పండగ గడిచాక చూసుకోండి" అని వంద రూపాయలు తీసుకున్నాడు. వాళ్ళ మాటల్లో పడి బయటపడేసరికి సాయంత్రమైంది.

ఉయ్యూరు దగ్గర చీకటి పడింది. చెరకు గానుగాడే కాలం, ట్రాక్టర్లన్నీ చక్కెర ఫ్యాక్టరీ వైపే. ట్రక్కు చివర దాటి నాలుగడుగులు వెనక్కి వేలాడే చెరకు గడలు, కింద దీపం లేదు. దగ్గరికెళ్ళాక హెడ్‌లైటులో ఆకులు తళుక్కుమంటే తప్ప తెలియదు. ఈసారి నేనే బ్రేకు తొక్కాను, ముందుగా. కారు తొక్కేదా? మేనల్లుణ్ణి అడిగితే, "ట్రక్కు ఇనుముని రాడార్ పట్టుకుంటుంది. గడల చివర్ని కొలుస్తుందని నేను చెప్పలేను" అన్నాడు. నిజాయితీపరుడు. అమ్మకాల్లో చేరితే పనికిరాడు.

దేశంలో ఒక్క 2022లోనే రోడ్ల మీద 1,68,491 మంది పోయారు. ఆ లెక్కలో చెరకు బండ్ల కింద పోయినవాళ్ళెందరో, నిద్రమత్తుకి పోయినవాళ్ళెందరో. అందుకే నకిరేకల్ తర్వాత కూడా ఆ అత్యవసర బ్రేకుని ఆపలేదు.

నాలుగో రోజు: బందరు, భోగి

తెల్లవారుజామున భోగిమంట. మా నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. కారుని ఇప్పుడే చూడటం. చుట్టూ తిరిగి, టైర్లు వేలితో నొక్కి, ఏమీ అనకుండా లోపలికెళ్ళి బంతిపూల దండ తెచ్చి బంపరు మీద అడ్డంగా కట్టాడు. నీళ్ళు చల్లిన పూలు, ముద్దగా ఉన్నాయి. కారు స్టార్ట్ చెయ్యగానే తెర మీద హెచ్చరిక, ముందు సెన్సర్‌కి ఏదో అడ్డుందని.

"తాతయ్యా, దాని కళ్ళు మూసేశారు" అన్నాడు మేనల్లుడు.

"పండక్కి పూలు కూడా ఓర్చుకోలేని బండేం బండిరా" అన్నాడు నాన్న. దండ విప్పి బానెట్ పైకి మార్చుకున్నాం. ఆయన మొహం మాత్రం కాసేపు అలాగే ఉంది.

టిఫిన్ల దగ్గర మేనల్లుడు ఆయన్ని కూర్చోబెట్టి, ఎదుటివాడు ఏం చెయ్యబోతున్నాడో మీకెలా తెలిసేది అని అడిగాడు. వాడి రీసెర్చ్ కూడా అలాంటిదేనట.

"మొహం చూడకూడదు. మొహం అబద్ధం చెప్తుంది. ముందు చక్రం చూడాలి. బండి కదలకముందే చక్రం తిరుగుతుంది. మనిషైతే మడమ చూడాలి. మడమ లేస్తే దాటతాడు." చట్నీ నంజుకుంటూ, "అయినా నేనొక్కణ్ణే నడిపానా? వెనక కండక్టరు ఉండేవాడు. ఒక బెల్లుకి ఆపు, రెండు బెల్లులకి పోనీ. వాడి బెల్లు నమ్మి అద్దం చూడకుండా కదిలిన రోజులున్నాయి."

"అంటే మీకూ అడాస్ ఉండేదన్నమాట."

"వాడికి జీతం ఉండేదిరా" అన్నాడు నాన్న.

మేనల్లుడు మడమ సంగతి ఫోనులో రాసుకున్నాడు.

సాయంత్రం మంగినపూడి తీరానికి పోదామన్నారు. నాన్నే నడుపుతానన్నాడు. లైసెన్సు ఇంకా రెన్యూ చేయించుకుంటూనే ఉన్నాడు. కోనేరు సెంటర్ జనంలో ఆయన హారన్ ఒక్కసారి కొట్టలేదు. క్లచ్ లేని బండిలో ఎడమకాలు ఊరికే నేలని తొక్కుతోంది. ఊరు దాటాక రెండువైపులా సర్కారు తుమ్మ, మధ్యలో ఖాళీ రోడ్డు, కొత్త గీతలు.

"ఏదీ, ఆ తనంతట తాను పోయేది చూపించరా" అన్నాడు.

మేనల్లుడు ముందుకి వంగి బటన్ నొక్కాడు. 50కి పెట్టాడు. ఆకుపచ్చ బొమ్మ వెలిగింది. "ఇప్పుడు కాస్త వదిలి చూడండి తాతయ్యా, ఎక్కువసేపు వద్దు."

నాన్న వదిలాడు. చేతులు స్టీరింగ్‌కి అంగుళం దూరంలో, దీపానికి చలి కాచుకుంటున్నట్టు, అలాగే ఉన్నాయి. కారు గీతల మధ్య చక్కగా పోతోంది. "పోతోందిరోయ్" అన్నాడు, చిన్నపిల్లాడిలా. మా ఆవిడ వెనక నుంచి చప్పట్లు కొట్టింది.

నేను కిందికి చూశాను. ఆయన కుడికాలు బ్రేకు మీదే ఉంది.